గోదారి వరద హెచ్చరికని సైన్ లాంగ్వేజ్‌లో చెప్పాలంటే: మోషన్ క్యాప్చర్ ఎంతవరకు పనికొస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో మోషన్ క్యాప్చర్ గురించి మాట్లాడుకుందాం. సినిమాల కోసం కాదు, సైన్ లాంగ్వేజ్ కోసం. మన కోనసీమలో దానికి ఎక్కడ పని ఉందో అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ మెసేజ్ చూడండి. "ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరింది. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ. లంక గ్రామాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." జులై, ఆగస్టు వచ్చిందంటే మనకిది పాత పాటే. 11.75 అడుగులు, పది లక్షల క్యూసెక్కులు అయితే మొదటి హెచ్చరిక. 13.75 దగ్గర, అంటే 13 లక్షలకి రెండోది. 17.75 దగ్గర, 17 లక్షలకి మూడోది. 2022 జులై 16న ఇరవై అయిదున్నర లక్షల క్యూసెక్కులు దాటింది, గుర్తుంది కదా. ఆ వారం పి.గన్నవరం, మామిడికుదురు, రాజోలు వైపు ఎంతమంది డాబాల మీద గడిపారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ మెసేజ్ మనకి ఎలా చేరుతుంది? ఆటోకి మైకు కట్టుకుని తిరుగుతారు. గుళ్ళో మైకులో చెప్తారు. పక్కింటి వాళ్ళు కేకేస్తారు. టీవీ పెడితే యాంకర్ చెప్తుంది. ఇవన్నీ చెవిలోంచి వెళ్ళే దారులే. చెవి వినపడని మనిషికి ఇందులో ఏ ఒక్కటీ చేరదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైచిలుకు. వాళ్ళలో కొంతమంది మన లంకల్లో కూడా ఉన్నారు.

నాకు తెలిసిన ఒక బాబాయ్ ఉన్నారు. రక్త సంబంధం కాదు, వరసకి బాబాయ్. పుట్టుకతో డెఫ్. లంకలో ఇల్లు, కొబ్బరి దింపు లెక్కలు చూసుకుంటారు. 2022లో నీళ్ళొస్తున్నాయని ఆయనకి ఎలా తెలిసిందని అడిగాను. వాళ్ళమ్మాయి ఇంటర్ చదువుతోంది, మా ఇద్దరి మధ్యా ఆ అమ్మాయే ఇంటర్‌ప్రెటర్. ఆయన చెప్పింది ఇది: తెల్లారుజామున పక్కింటి వాళ్ళు గేదెల్ని గట్టు మీదకి తోలుకెళ్తుంటే చూశారట. పాలు తియ్యకుండా గేదెని తోలుకెళ్తున్నారంటే ఏదో అయిందని అర్థమైందట. అప్పటికి మైకు వచ్చి వెళ్ళి రాత్రంతా గడిచిపోయింది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫోన్‌కి తెలుగులో మెసేజ్ పంపిస్తే సరిపోతుంది కదా? చదువుకుంటారు కదా?" 2023లో దేశమంతా ఫోన్లకి ఆ ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ మెసేజ్‌లు వచ్చాయి, గట్టిగా బీప్ కొట్టి, వైబ్రేట్ అయ్యి. అది మంచి పనే, కాదనను. వైబ్రేషన్ డెఫ్ వాళ్ళని కూడా లేపుతుంది. కానీ లేచాక స్క్రీన్ మీద ఉన్నది ఏ భాష?

మనం తెలుగు చదవడం ఎలా నేర్చుకున్నాం? ముందు అయిదేళ్ళు విన్నాం. "అమ్మ" అన్న మాట నోట్లో నలిగాకే దాన్ని పలక మీద దిద్దాం. పుట్టినప్పటి నుంచి వినపడని పిల్లాడికి ఆ అయిదేళ్ళు లేవు. వాడికి తెలుగు అక్షరాలు అంటే ముందు ఎప్పుడూ తెలియని ఒక భాషని కాగితం మీద మొదటిసారి చూడటం. అందుకే బడికి వెళ్ళి వచ్చిన డెఫ్ పెద్దవాళ్ళలో కూడా తమ పేరు, ఊరు, ధరలు చక్కగా చదివి, "అప్రమత్తంగా ఉండాలి" దగ్గర ఆగిపోయే వాళ్ళుంటారు. నిజం చెప్పండి, "అప్రమత్తంగా" అన్న మాట మీరు ఇంట్లో ఎప్పుడైనా వాడారా? తెలివికి ఇందులో సంబంధమే లేదు. వాళ్ళ మొదటి భాష వేరు, అంతే.

ఆ భాష ఇండియన్ సైన్ లాంగ్వేజ్. ఐఎస్‌ఎల్ అంటారు. ఇది తెలుగుని చేతులతో చేసి చూపించడం కాదు. ఇంగ్లిష్‌ని చేతులతో చెప్పడం అంతకన్నా కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది. "పడవ ఎప్పుడు వస్తుంది" అని మనం అంటాం. ఐఎస్‌ఎల్‌లో ప్రశ్న పదం చివరికి వెళ్తుంది, "పడవ, రావడం, ఎప్పుడు" అన్నట్టు. కూచిపూడి చూసినవాళ్ళు "ముద్రల్లాంటిదే కదా" అంటారు. ఆయ్, కాదండి. ముద్రలు ఒక కళలో భాగం, పక్కన పాట ఉంటుంది, కథ ముందే తెలుసు. సైన్ లాంగ్వేజ్‌లో మనుషులు పోట్లాడుకుంటారు, అప్పు అడుగుతారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుంటారు.

సరే, ఇప్పుడు సమస్య తెలిసింది. హెచ్చరిక ఐఎస్‌ఎల్‌లో కావాలి, రాత్రి రెండింటికైనా కావాలి, గంట గంటకీ అంకెలు మారుతూ కావాలి. దీనికి ఒక కంప్యూటర్ బొమ్మ, అవతార్ అంటారు, అది సైన్ చేసి చూపిస్తే ఎలా ఉంటుంది? ఇదీ ఐడియా.

ముందు మీకు బాగా తెలిసిన విషయంతో పోలుస్తాను. కోనసీమలో మనకి రైలు ఇంకా రాలేదు కానీ రాజమండ్రి స్టేషన్‌లో అందరం నిలబడ్డాం. "దయచేసి వినండి. ట్రైన్ నెంబర్... ఒకటి... రెండు... ఏడు..." ఆ గొంతు అక్కడ కూర్చుని చదవట్లేదు. ఒకావిడ ఎప్పుడో అంకెలన్నీ, ఊళ్ళ పేర్లన్నీ, "ప్లాట్‌ఫాం మీదకు వచ్చుచున్నది" అన్న ముక్కనీ రికార్డ్ చేసి ఇచ్చారు. కంప్యూటర్ వాటిని వరసగా పేరుస్తుంది. అతుకుల దగ్గర ఎగుడుదిగుడుగా ఉన్నా మనకి అర్థమవుతుంది. సైన్ లాంగ్వేజ్‌కి అదే పని చెయ్యాలంటే గొంతు బదులు కదలికని రికార్డ్ చెయ్యాలి. ఆ రికార్డింగే మోషన్ క్యాప్చర్, ముద్దుగా మోకాప్.

మోకాప్ అనగానే మనవాళ్ళకి 2014లో వచ్చిన "విక్రమసింహ" గుర్తొస్తుంది, తమిళంలో "కోచ్చడయాన్". రజనీకాంత్ గారు ఒంటికి అతుక్కునే సూట్ వేసుకుని, దాని మీద చిన్న చిన్న బంతులు. చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు. ఆ బంతులు కాంతిని వెనక్కి కొడతాయి. ఒక బంతి కనీసం రెండు కెమెరాలకి కనపడితే అది గాల్లో ఎక్కడుందో లెక్క కట్టొచ్చు. చిన్నప్పుడు త్రికోణమితిలో కొబ్బరి చెట్టు ఎత్తు కొలిచే లెక్క చేశాం కదా, దాని అన్నయ్య అనుకోండి. సెకనుకి వంద సార్లకి పైగా ఈ లెక్క జరుగుతుంది. చివరికి మనకి మిగిలేది వీడియో కాదు. ఏ క్షణానికి ఏ కీలు ఎంత వంగింది అన్న అంకెలు. ఆ అంకెల్ని ఏ బొమ్మకి తొడిగితే ఆ బొమ్మ అలా కదులుతుంది.

సినిమా ఫైట్‌కి ఇది చక్కగా సరిపోతుంది. సైన్ లాంగ్వేజ్ దగ్గరికి వచ్చేసరికే అసలు కష్టాలు.

మొదటిది వేళ్ళు. ఫైట్‌లో హీరో చిటికెన వేలు ఎటు వంగిందో ఎవడికి కావాలి? సైన్‌లో ఆ ఒక్క వేలు మారితే మాట మారిపోతుంది. వేళ్ళకి పెట్టే మార్కర్లు మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉండాలి, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి, చెయ్యి తిప్పితే అరచేతి వెనక దాక్కుంటాయి. కెమెరాకి కనపడనిది లెక్కలోకి రాదు. పైగా మన దగ్గర ఇంకో చిక్కుంది. అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు ఒంటి చేత్తో చూపిస్తారు. ఐఎస్‌ఎల్‌లో రెండు చేతులతో, బ్రిటిష్ పద్ధతికి దగ్గరగా. ఒక చేతి వేళ్ళు రెండో చేతిని తాకుతూ ఉంటాయి. కెమెరాకి ఇంతకంటే అన్యాయం చెయ్యలేం. అందుకే చాలా ల్యాబుల్లో వేళ్ళ కోసం విడిగా సెన్సర్ గ్లోవ్స్ వాడతారు. వేలు వంగితే ఆ వంపుని గ్లోవే కొలుస్తుంది, కనపడాల్సిన పని లేదు. దాని బాధ దానికుంది. గ్లోవ్ లావుగా ఉంటే బొటనవేలు చూపుడువేలిని నిజంగా తాకిందా, తాకబోయి ఆగిందా అన్నది తేలదు.

రెండోది తాకడం. సైన్ చేసే మనిషి వేలు తన గడ్డాన్ని తాకింది అనుకోండి. ఆ అంకెలు తీసుకెళ్ళి బొమ్మకి తొడిగాం. బొమ్మ మొహం కాస్త పెద్దది. ఏమవుతుంది? వేలు గడ్డంలోకి దిగబడిపోతుంది. బొమ్మ మొహం చిన్నదైతే వేలు గాల్లో ఆగిపోతుంది. ఒకరి కొలతలకి కుట్టిన చొక్కా ఇంకొకరికి వేసినట్టే. దీన్ని సరిచెయ్యడాన్ని రీటార్గెటింగ్ అంటారు. ఎక్కడ తాకాలో ముందే గుర్తు పెట్టుకుని, బొమ్మ ఒంటి మీద కూడా సరిగ్గా అక్కడే తాకేలా చేతి కీళ్ళని మళ్ళీ సర్దాలి.

మూడోది మొహం. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బయటివాళ్ళు తీసే డెమోలన్నీ ఇక్కడే బోల్తా పడతాయి. తెలుగులో "పడవ వస్తుంది" అన్న దానికి చివర ఒక దీర్ఘం పెడితే "పడవ వస్తుందా" అయిపోతుంది. అవునా కాదా అని అడిగే ప్రశ్నకి ఐఎస్‌ఎల్‌లో ఆ దీర్ఘం ఉండేది కనుబొమ్మల్లో. చేతులు రెండిట్లోనూ అవే చేస్తాయి. కనుబొమ్మలు పైకి లేచి తల కాస్త ముందుకొస్తే ప్రశ్న. తల అడ్డంగా ఊపడం వ్యతిరేకార్థానికి. అంటే మొహం అనేది ఎమోషన్ కోసం పైన చల్లిన కొత్తిమీర కాదు, వ్యాకరణం అక్కడే ఉంది. చేతుల్ని మాత్రమే క్యాప్చర్ చేసి మొహం బిగబట్టిన బొమ్మని పెడితే, విభక్తులూ క్రియా ప్రత్యయాలూ తీసేసి తెలుగు మాట్లాడినట్టే. ఇప్పుడు మొహం కోసం తలకి చిన్న కెమెరా తగిలిస్తారు, లేదా ఐఫోన్ ముందు కెమెరా వాడతారు. ఆపిల్ వాళ్ళ ఏఆర్‌కిట్ మొహాన్ని 52 కదలికలుగా విడదీసి ఇస్తుంది, ఎడమ కనుబొమ్మ ఎంత లేచింది, పెదవి ఎంత ముడిచింది అని. కనుబొమ్మ లేపడానికి అది చాలు. కళ్ళు ఎటు చూస్తున్నాయి, బుగ్గలు ఎంత ఉబ్బాయి దగ్గర మళ్ళీ చెయ్యి చేసుకోవాలి.

ఇక అతుకులు. ప్రతి సైన్‌కీ మూడు భాగాలుంటాయి. చెయ్యి ఒడిలోంచి పైకి లేవడం, అసలు సైన్, మళ్ళీ కిందకి దిగడం. ఒక్కో మాటనీ విడిగా రికార్డ్ చేసి పక్కపక్కన పెడితే బొమ్మ మాటమాటకీ చేతులు దించుతూ లేపుతూ ఉంటుంది. చూసేవాడికి మన రైల్వే అనౌన్స్‌మెంట్ కంటే ఘోరంగా ఉంటుంది. కాబట్టి మొదలు, చివర కత్తిరించి, ఒక సైన్ ఆగిన చోటు నుంచి రెండోది మొదలయ్యే చోటుకి ఓ పావు సెకనులో చేతిని నడిపించాలి. ఆ దారిని గుడ్డిగా తిన్నగా గీస్తే చెయ్యి ఒక్కోసారి మొహంలోంచి దూసుకెళ్తుంది. కోడ్ రాసేవాళ్ళకి ఇది సరదా బగ్. చూసే డెఫ్ మనిషికి భయంగా ఉంటుంది.

ఇంత కష్టం ఎందుకు, మోకాప్ లేకుండా బొమ్మని ఆడించలేమా అంటే, ఆడించొచ్చు. జర్మనీలో హాంబర్గ్ యూనివర్సిటీ వాళ్ళు 1980ల్లో హామ్‌నోసిస్ అని ఒక లిపి తయారు చేశారు. చెయ్యి ఆకారం, ఎక్కడ, ఎటు తిరిగి, ఎలా కదిలింది అన్నది గుర్తులుగా రాస్తారు, సంగీతానికి స్వరాలు రాసుకున్నట్టు. ఆ గుర్తులు చదివి బొమ్మని ఆడించే సాఫ్ట్‌వేర్ బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ వాళ్ళు చేశారు. దీని లాభం, కొత్త మాట కావాలంటే స్టూడియో అక్కర్లేదు, రాస్తే చాలు. నష్టం, బొమ్మ కర్రలా కదులుతుంది. మోకాప్ అటు తిరగేసిన కథ. కదలిక మనిషిది కాబట్టి ప్రాణం ఉంటుంది, కానీ రికార్డ్ చెయ్యని మాట బొమ్మకి రాదు. ఫ్రాన్స్‌లో సిల్వీ గిబే బృందం లాంటివాళ్ళు రెండిటి మధ్యా దారి వెతికారు. మోకాప్ డేటాని చేతులుగా, మొహంగా విడదీసి, ఒక వాక్యంలోని చేతికి ఇంకో వాక్యంలోని మొహాన్ని కలపడం. నాకు ఈ పనుల్లో బాగా నచ్చింది ఇదే.

వీటిలో ఏది నిజంగా జనంలోకి వెళ్ళింది? 2000 ప్రాంతంలో బ్రిటన్‌లో పోస్టాఫీస్ కౌంటర్ దగ్గర టెస్సా అని ఒక సిస్టమ్ పరీక్షించారు. గుమస్తా మాట్లాడితే, ముందే మోకాప్ చేసి పెట్టుకున్న వాక్యాల్లోంచి సరిపోయేదాన్ని తీసి బొమ్మ బ్రిటిష్ సైన్ లాంగ్వేజ్‌లో చూపించేది. పోస్టాఫీస్‌లో ఏం మాట్లాడతాం, స్టాంపులు, పార్సిళ్ళు, ఎంతయింది. మాటలు తక్కువ కాబట్టే అది సాధ్యమైంది. మన కథకి ఇంకా దగ్గరిది జపాన్‌లో ఉంది. వాళ్ళ దూరదర్శన్ లాంటి సంస్థ ఎన్‌హెచ్‌కే. అక్కడి పరిశోధకులు వాతావరణ శాఖ ఇచ్చే డేటాని నేరుగా తీసుకుని, ముందే రాసి పెట్టుకున్న వాక్యాల ఖాళీల్లో అంకెలు నింపి, మోకాప్ చేసిన సైన్లతో బొమ్మ చేత వాతావరణం చెప్పించారు. 2017లో దాన్ని వెబ్‌లో జనం ముందు పెట్టారు. "రేపు టోక్యోలో ఇన్ని డిగ్రీలు, వర్షం వచ్చే అవకాశం ఇంత శాతం." ధవళేశ్వరం మెసేజ్ కూడా అచ్చం ఇలాంటిదే కదా?

ఇక్కడ కాసేపు ఇంజనీర్ బుర్ర పెట్టుకుందాం. మన హెచ్చరికలో మారేవి ఏమిటి? ఒకటో రెండో మూడో హెచ్చరిక, అది జారీ అయిందా, కొనసాగుతోందా, ఉపసంహరించారా, కలిపి తొమ్మిది వాక్యాలు. అడుగులు, క్యూసెక్కుల కోసం 1 నుంచి 30 వరకు అంకెలు, పాయింట్ తర్వాతవి పది, అంటే 40. వరద పెరుగుతోంది, నిలకడగా ఉంది, తగ్గుతోంది, మూడు. ఊళ్ళు, లంకలు ఓ 60 అనుకుందాం. "కాజ్‌వే దాటొద్దు", "పశువుల్ని గట్టు మీదకి చేర్చండి", "పడవ ఇక్కడ ఉంది", "నీళ్ళు కాచి తాగండి" ఇలాంటివి ఓ 20. మొత్తం 132 క్లిప్పులు. ఒక్కోటి అయిదు సార్లు తీస్తే 660 టేకులు. టేకుకి నిమిషంన్నర వేసుకున్నా పదహారున్నర గంటలు. అంటే మూడు రోజుల షూటింగ్. తర్వాత వేళ్ళ డేటా శుభ్రం చెయ్యడానికి దీనికి చాలా రెట్లు పడుతుంది, అది వేరే సంగతి. ఇది నా కాగితం లెక్క, కానీ పని సైజు మీకు తెలియాలని చెప్తున్నాను. చంద్రుడి మీదకి వెళ్ళక్కర్లేదు. ఒక చిన్న సినిమా పాటకి పెట్టినంత శ్రమ.

అంకెల దగ్గర ఒక జాగ్రత్త. మనకి రెండు కొలబద్దలున్నాయి. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75కి. 2022లో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆ అంకె చూసి మన దగ్గర కూడా 71 అడుగుల నీళ్ళు వస్తాయనుకుని గాభరా పడ్డవాళ్ళు, చెవులు బాగా వినపడే వాళ్ళలోనే ఉన్నారు. కాబట్టి బొమ్మ అంకె చెప్పే ముందు ఏ ఊరి అంకె అన్నది స్పష్టంగా, కాస్త ఆగి చెప్పాలి.

నేను ఒక చిన్న ప్రయోగం చేశాను. స్టూడియో కాదు, సూట్ కాదు. ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్, గూగుల్ వాళ్ళ మీడియాపైప్. ఇది మార్కర్లు లేని మోకాప్. మామూలు వీడియో చూసి ఒంటి మీద 33 బిందువులు, ఒక్కో చేతికి 21, మొహానికి 468, మొత్తం 543 బిందువులు ఎక్కడున్నాయో ఊహిస్తుంది. ఊహిస్తుంది అన్న మాట గుర్తుంచుకోండి, కొలవదు. చెయ్యి కెమెరా వైపు ఎంత ముందుకొచ్చిందన్నది దానికి సరిగ్గా తెలియదు. రెండు చేతులు ఒకదాని మీద ఒకటి వస్తే ఒక చేతిని మాయం చేసేస్తుంది. బాబాయ్ వాళ్ళ అమ్మాయే నా కోసం నాలుగు వాక్యాలు సైన్ చేసింది. అది తీసుకుని ఒక ఫ్రీ బొమ్మకి తొడిగి, లంక పేరుని ఇంగ్లిష్ అక్షరాలతో పేర్చి, బాబాయ్‌కి చూపించాను.

ఆయన రెండు సార్లు చూశారు. తర్వాత అమ్మాయి నవ్వాపుకుంటూ చెప్పింది, "అన్నయ్యా, ఈ బొమ్మ నిద్రలో మాట్లాడుతున్నట్టుందంట. నీళ్ళొచ్చాయని చెప్తోందా, వచ్చాయా అని నాన్ననే అడుగుతోందా అంటున్నారు."

చూశారా, కనుబొమ్మలు. సరిగ్గా అదే.

రెండో మాట ఇంకా ముఖ్యమైంది. "బూరుగులంక" ఇంగ్లిష్‌లో 11 అక్షరాలు. ఆ 11 అక్షరాలు రెండు చేతులతో వరసగా వస్తుంటే ఆయన మధ్యలోనే వదిలేశారు. ఎందుకంటే ఆయనకీ, ఆయన స్నేహితులకీ ఈ ఊళ్ళకి సొంత సైన్లు ఉన్నాయి. ఒక్క చిన్న కదలిక, అయిపోయింది. రాజోలుకి ఒకటి, అమలాపురానికి ఒకటి, కొత్తపేటకి ఒకటి, అవతలి గట్టుకి ఒకటి. ఇవి ఏ నిఘంటువులోనూ నేను చూడలేదు. ఢిల్లీలో 2015లో పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ మంచి పని చేసింది. 2018లో 3000 పదాలతో మొదలుపెట్టి 2021కి పది వేల పదాల వీడియో నిఘంటువు తెచ్చింది. కానీ ఢిల్లీలో కూర్చుని కనకాయలంకకి సైన్ ఎవరు తీస్తారు? ఆ సైన్లు తెలిసినవాళ్ళు ఇక్కడే, మన బస్టాండ్‌లో, మన సంతలో ఉన్నారు.

ఏఐ చేసేస్తుంది కదా అని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. చూద్దాం. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్ళు 2020లో ఇంక్లూడ్ అని ఒక డేటాసెట్ ఇచ్చారు, 263 సైన్లు, 4,287 వీడియోలు, డెఫ్ విద్యార్థులు చేసినవి. కాన్పూర్ ఐఐటీ వాళ్ళు 2024లో ఐసైన్ అని లక్షకి పైగా వీడియో, వాక్యం జతలతో ఇంకా పెద్దది ఇచ్చారు. ఇవి లేకపోతే ఈ రంగం కదలదు, అందులో అనుమానం లేదు. కానీ ఇవన్నీ మామూలు వీడియోలు, లోతు కొలత లేనివి. వీటిలోంచి నేర్చుకున్న మోడల్ ఒక వాక్యం అచ్చు మనిషిలా చేస్తుంది, పక్క వాక్యంలో ఒక వేలు ఎటో పోతుంది. కబుర్లకైతే పర్వాలేదు. "దాటొద్దు"లో ఆ "వద్దు" పోతే? అందుకే వరద లాంటి చోట నా ఓటు కొత్త వాక్యం పుట్టించే మోడల్‌కి కాదు, ఖాళీలు నింపే పాత పద్ధతికే. 132 క్లిప్పుల్లో ప్రతిదాన్నీ డెఫ్ వాళ్ళు కూర్చుని చూసి సరే అనొచ్చు. మోడల్ రేపు ఏం చేస్తుందో ఎవరు చూసి సరే అంటారు?

ఇంకో ప్రశ్న కూడా న్యాయమైనదే. బొమ్మ ఎందుకు, ఒక డెఫ్ మనిషి చేత చెప్పించి వీడియో తియ్యొచ్చు కదా? తియ్యొచ్చు, ముందు అదే చెయ్యాలి. మారని వాక్యాలకి, అంటే మూడు హెచ్చరికలకీ, ఆ ఇరవై సూచనలకీ మనిషి వీడియో కంటే మంచిది లేదు. మారే అంకెలు, మారే ఊళ్ళు కలపాలన్నప్పుడే వీడియో ముక్కలు అతకవు. చెయ్యి ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతుంది. బొమ్మకి ఆ మధ్య దారిని మనం గీయొచ్చు. ప్రపంచ డెఫ్ సమాఖ్య, సైన్ ఇంటర్‌ప్రెటర్ల ప్రపంచ సంఘం కలిసి 2018 మార్చిలో దీని మీద ఒక ప్రకటన ఇచ్చాయి. రైల్వే స్టేషన్‌లో, హోటల్లో ఉండే ముందే తయారైన సమాచారానికి అవతార్లు వాడుకోవచ్చు, అప్పటికప్పుడు మారే సంక్లిష్టమైన విషయాలకి మనిషి ఇంటర్‌ప్రెటర్ బదులు వాటిని పెట్టొద్దు, తయారీలో డెఫ్ వాళ్ళు ఉండి తీరాలి అని. అంటే కలెక్టర్ గారు ప్రెస్‌మీట్ పెడితే పక్కన నిలబడాల్సింది మనిషే. రాత్రి రెండింటికి 13.75 దాటిందని చెప్పాల్సినప్పుడు బొమ్మ రావొచ్చు. వరద నీరు గట్టుని ఎలా కోసింది, ఇల్లు ఎటు ఒరిగింది లాంటివి సైన్‌లో మాటలతో కాకుండా చేతులతో ఆకారం గీసి చూపిస్తారు, ప్రతిసారీ కొత్తగా. అది ఏ క్లిప్‌లోనూ దొరకదు.

బొమ్మకి ఇంకో లాభం కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. వరదలో నెట్ ఎలా ఉంటుందో తెలుసు కదా. అరనిమిషం వీడియో రెండు మూడు ఎంబీ, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. బొమ్మ ముందే ఫోన్‌లో ఉందనుకోండి, పంపాల్సింది కీళ్ళ అంకెలే. 60 కీళ్ళు, కీలుకి నాలుగు అంకెలు, సెకనుకి 30 సార్లు, అంకెకి రెండు బైట్లు. సెకనుకి 14 కేబీ చిల్లర. అరనిమిషానికి 430 కేబీ, అదీ కుదించకముందు. క్లిప్పులు కూడా ఫోన్‌లోనే ఉంటే ఇక పంపేది ఏ క్లిప్పు తర్వాత ఏ క్లిప్పు అన్న వరసే. అది మామూలు ఎస్సెమ్మెస్‌లో పట్టేస్తుంది.

ఇది ఎవరు చెయ్యాలి అంటే, దానికి చట్టంలోనే జవాబుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 8. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాల రికార్డు ఉంచుకోవాలి, ప్రమాదం వచ్చే పరిస్థితుల గురించి వాళ్ళకి తెలియజేసే ఏర్పాట్లు చెయ్యాలి అని రాసి ఉంది. మన జిల్లా 2022 ఏప్రిల్‌లో పుట్టింది, జులైలోనే ఆ వరద చూసింది. మోకాప్‌కి కావలసిన చోట్లు మనకి దూరం కాదు, హైదరాబాద్‌లో సినిమా వాళ్ళకి ఆ సామాను ఉంది. షూటింగ్‌కి ముందు చెయ్యాల్సిన పనికి మాత్రం స్టూడియో అక్కర్లేదు. ఆ 60 ఊళ్ళ సైన్లు ముందు పోగు చెయ్యాలి, ఒక్కో ఊరికీ ఇద్దరు ముగ్గురు డెఫ్ వాళ్ళ దగ్గర, ఫోన్ కెమెరాతోనే, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. గట్టుకి ఇవతల ఒక సైన్, అవతల ఇంకో సైన్ ఉంటే రెండూ రాసుకోవాలి.

బాబాయ్, వాళ్ళమ్మాయి కలిసి ఇప్పటికి పధ్నాలుగు ఊళ్ళు చేసి ఇచ్చారు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు తెలిసినవాళ్ళు ఉన్నారట, వచ్చే ఆదివారం పంటు దాటి వెళ్తున్నాం. అక్కడ తీసిన వీడియోలు, వాళ్ళు ఒప్పుకున్నవి, వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటానండి మరి.